పదిహేడో నంబరు గిన్నె

పుంగనూరులో పెళ్ళి వంటలు చేసే సరస్వతమ్మకు ఒక చెడ్డ అలవాటు ఉంది. పంక్తి లేవగానే, ఆకులెత్తేవాళ్ళకంటే ముందు తానే పందిట్లోకి వెళ్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలాగా ఒక్కొక్క ఆకునూ చూసుకుంటూ నడుస్తుంది. ఎవరు ఏం తిన్నారు, ఏం వదిలేశారు, పాయసం రెండోసారి ఎవరు వేయించుకున్నారు, అన్నీ చూస్తుంది. వదిలేసినవాళ్ళ మొహాలు ఆమెకు ఏళ్ళ తరబడి గుర్తుంటాయి. "మూడో వరసలో పచ్చసొక్కాయన పప్పు ముట్నే లేదు, యాల?" అని పెళ్ళికూతురి తండ్రినే నిలదీసిన రోజులున్నాయి. తాళిబొట్టు ఎక్కడ పెట్టామో కనబడక ఇల్లంతా తిరుగుతున్న ఆ పెద్దమనిషి పచ్చచొక్కా గురించి ఏం చెబుతాడు.

ఈ అలవాటు ఊరికే రాలేదు. పందొమ్మిదేళ్ళ వయసులో ఆమె గోవిందస్వామి అనే వంటమాస్టరు దగ్గర పనికి చేరింది. పని అంటే కూరగాయలు తరగడం, మసాలా నూరడం, అండాలు తోమడం. గరిటె మాత్రం ముట్టుకోకూడదు. ఆమెది ఊరి బయటి ఎస్సీ కాలనీ. కాలనీ మనిషి తరిగిన వంకాయ తినొచ్చు, ఆమె నూరిన మసాలా తినొచ్చు, ఆమె తోమిన అండాలో వండింది తినొచ్చు. ఆమె గరిటె పెట్టి కలిపితే మాత్రం కూర పాడైపోతుంది. ఈ లెక్క ఎవరు కట్టారో ఆమెకు తెలియదు కానీ, పదేళ్ళు దానికి కట్టుబడే ఉంది.

పనిలో చేరిన పదకొండో ఏట పుంగనూరులో ఒక వ్యాపారస్థుల పెళ్ళిలో గోవిందస్వామికి నడుము పట్టేసింది. సగం వంట పొయ్యి మీద ఉంది. చేసేది లేక సరస్వతమ్మ గరిటె పట్టుకుంది. మొదటి పంక్తి తిని, వేళ్ళు నాకి, సాంబారు అడిగి మరీ పోయించుకుంది. రెండో పంక్తి కూర్చునేసరికి ఎవరో మెల్లగా, "ఈ పొద్దు వండిందెవురు?" అని అడిగారు. జవాబు పందిరంతా తిరిగింది. ఆ వెంటనే పదకొండు మందికి ఆ రోజు శనివారమని గుర్తొచ్చింది. ఒక్కపొద్దని చెప్పి లేచిపోయారు. పొద్దున్నే ఆ పదకొండు మందీ ఇడ్లీలు తినడం ఆమె కళ్ళారా చూసింది. వెంకటేశ్వరస్వామి ఆ రోజు వాళ్ళకు ఇడ్లీల మట్టుకు సడలింపు ఇచ్చి ఉంటాడు.

గోవిందస్వామి పడుకున్న చోటునుంచే, "గరిటె కింద పెట్టొద్దు సరస్వతీ" అన్నాడు. ఆమె పెట్టలేదు. ఆయన పోయాక ఆ వంట గుంపు ఆమెదే అయింది. ఇప్పుడామెకు యాభై నాలుగేళ్ళు. ఆ రోజు పంక్తిలోంచి లేచిపోయినవాళ్ళే మనవరాళ్ళ పెళ్ళిళ్ళకు ఆమె ఖాళీ చూసుకుని ముహూర్తాలు పెట్టుకుంటున్నారు. అయినా ఆ ప్రశ్న చావలేదు. కొంచెం మర్యాద నేర్చుకుంది, అంతే. "వంటవాళ్ళు యాడోళ్ళమ్మా, ఏ వీధి?" అని అడుగుతారు. తర్వాత ఎవరికో గ్యాసు పట్టుకుంటుంది, ఎవరికో షుగరు పెరుగుతుంది, ఇంకెవరికో డాక్టరు బయటి తిండి వద్దంటాడు. అందుకే ఎవరైనా ఏదైనా తిననంటే సరస్వతమ్మ నమ్మదు. దాని వెనక ఏముందో తనకు తెలుసనుకుంటుంది. నూటికి తొంభైసార్లు ఆమె అనుకున్నదే నిజమవుతుంది కూడా.

ఇలాంటి మనిషి దగ్గరికి నీరజ ఒక జాబితా పట్టుకుని వచ్చింది.

నీరజ మదనపల్లెలో బ్యాంకు ఉద్యోగి. ఆదివారాలు సైకిలు తొక్కుతుంది. అది ఆమె ఇష్టం, ఎవరూ తప్పు పట్టడానికి లేదు. అలా తొక్కేవాళ్ళకొక క్లబ్బు ఉంది, ఆ క్లబ్బులో జీతం బత్తెం లేకుండా అందరూ తలా ఒక పని చేస్తారు. భోజనాల పని ఎవరికివ్వాలని మీటింగులో మాట్లాడుకుంటున్నప్పుడు నీరజకు ఫోనొచ్చింది. మాట్లాడి లోపలికి వచ్చేసరికి ఆ పని ఆమె పేరున రాసి ఉంది.

"మదనపల్లెలో తెల్లారి ఐదుకు బయల్దేరతారక్కా. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీద కుప్పం దాకా నూటిరవై. ఆడ మనం భోజనం పెట్టల్ల. మళ్ళీ చుట్టు దావలో మదనపల్లెకి. మొత్తం మూడొందల కిలోమీటర్లు, ఇరవై గంటల్లో" అని వివరించింది నీరజ.

"గెలిస్తే ఏమిస్తారు?"

"గెలిసేదేం లేదక్కా. టైములో పూర్తి చేస్తే ఒక మెడల్. అది గూడా ఎవురిది వాళ్ళే కొనుక్కోవల్ల."

సరస్వతమ్మ మొగుడి వైపు చూసింది. రంగప్ప ఊరికి పది మైళ్ళ దూరంలోని గ్రానైటు క్వారీలో పాతికేళ్ళు పనిచేసి, మోకాళ్ళు అరిగాక భార్య గుంపులో అండాలు మోసే పనికి కుదిరినవాడు. క్వారీకి రోజూ పోనూ రానూ సైకిలు మీదే పోయేవాడు.

"నేను పాతికేండ్లు తొక్కినా" అన్నాడు రంగప్ప. "ఎవురూ సంగటి పెట్టలా."

నీరజ నవ్వి, ఫోను తీసి జాబితా చదవడం మొదలుపెట్టింది. అరవై నాలుగు మంది. అందులో యాభై మంది ఏది పెడితే అది తినే పుణ్యాత్ములు. మిగిలిన పద్నాలుగు మందికీ తలా ఒక షరతు ఉంది. ఒకామె వీగన్. పాలు, పెరుగు, నెయ్యి, మజ్జిగ ఏదీ పనికిరాదు. ముగ్గురికి గోధుమ పడదు. ఇద్దరికి ఉల్లిపాయ, వెల్లుల్లి, దుంపలు వద్దు. నలుగురికి షుగరు. ఇద్దరికి కారం తగలకూడదు. ఒకాయన కీటో.

"అంటే?"

"అన్నం తినడక్కా. రొట్టె తినడు. పిండి ఉండేదేదీ తినడు. గుడ్లు, పనీరు, అట్లాంటివి."

"మూడొందల కిలోమీటర్లు తొక్కేవోనికి అన్నం వద్దా? వీళ్ళు సైకిలు తొక్కేదానికి వస్తాండారా, ఆస్పత్రిలో చేరేదానికి వస్తాండారా?"

మాట అలా అంది కానీ, అప్పటికే ఆమె మనసులో పొయ్యిలు వెలిగాయి. ఆమెకు పని కష్టమైతే ఉషారు. రాగి సంగటి చేస్తే గోధుమ గొడవ తీరింది, వీగన్ తీరింది, షుగరు తీరింది. ఉల్లిపాయ వద్దనేవాళ్ళకు గుమ్మడికాయ పప్పు. కీటో ఆయనకు ఒక బుట్టెడు గుడ్లు. అయిదు నిమిషాల్లో అంతా తేల్చేసి, ఇదేనా మీ ఇంగ్లీషు తిండి అన్నట్టు నీరజ వైపు చూసింది.

"ఒకాయన మిగిలినాడక్కా. పదిహేడో నంబరు. ఆంజనేయులని, మదనపల్లెలోనే హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. చదువుతా ఉండు." నీరజ ఫోను దగ్గరికి పెట్టుకుంది. "వేరుశనగ పడదు. గింజ, పొడి, నూనె ఏదీ తగలకూడదు. వేరే గిన్నె, వేరే గరిటె కావాలి. వంట చేసేదెవరో ముందుగా చెప్పాలి."

సరస్వతమ్మ ఉషారు అక్కడితో ఆగిపోయింది.

సెనక్కాయ పడదట. ఈ నేలమీద పుట్టినవాడికి. ఇక్కడ పిల్లలు పాలు మానగానే సెనక్కాయలూ బెల్లమూ నమలడం నేర్చుకుంటారు. ఇడ్లీకి సెనక్కాయ చట్నీ, సంగటికి సెనక్కాయలు నూరిన ఊరిబిండి, తాలింపుకు సెనక్కాయ నూనె, కూర దించేముందు ఒక పిడికెడు సెనక్కాయ పొడి. అది పడనివాడు ఇన్నేళ్ళు ఏం తిని పెరిగాడు, డ్రిల్లు ఎలా చేయించాడు. సరే, అది అబద్ధమే అనుకుందాం. అలాంటి అబద్ధాలు చాలా చూసింది. వేరే గిన్నె, వేరే గరిటె, ఇది కూడా ఆమెకు కొత్త కాదు. ఆమె చిన్నప్పుడు టీకొట్లలో కాలనీవాళ్ళకు గ్లాసులు వేరే ఉండేవి. కానీ చివరి మాట మటుకు సూటిగా తగిలింది. వంట చేసేదెవరో చెప్పాలట. అదీ ముందుగా.

"రాసుకో" అంది నీరజతో. "వండేది సరస్వతమ్మ అని సెప్పు. పుంగనూరు కాలనీ అని గూడా సెప్పు."

"అదంతా యాలక్కా, పేరు చెప్తే చాలు కదా" అంది నీరజ. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు.

ఆ వారమంతా సరస్వతమ్మ పదిహేడో నంబరు గురించే ఆలోచించింది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. వాడికి వేరే గిన్నెలోనే వండుతుంది. అనపగింజల కూర చేస్తుంది. దించేముందు అందులో పిడికెడు సెనక్కాయ పొడి మెత్తగా దంచి కలుపుతుంది. వాడు తింటాడు. వేళ్ళు నాకుతాడు. ఇంకొంచెం అడుగుతాడు. అప్పుడు తాను బయటికి వచ్చి, ఎదురుగా నిలబడి, కూరలో ఏముందో, ఎవరు కలిపారో చెబుతుంది. ఆ మొహం ఎలా మారుతుందో చూడాలి. పాతికేళ్ళ కిందట ఆ పదకొండు మందికి చెప్పలేని మాటలన్నీ ఈ ఒక్కడికి చెప్పేయాలి. ఇది తప్పని ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అలర్జీ అనే మాట ఉందని తెలుసు. గ్యాసు అనే మాట ఉన్నట్టే, అదీ ఒక మాట.

డిసెంబరు ఆదివారం, కుప్పంలో ఒక కల్యాణ మండపం. తెల్లవారకముందే పుంగనూరు నుంచి అండాలతో సహా దిగారు. సరస్వతమ్మ పొయ్యికి కర్పూరం వెలిగించి దండం పెట్టుకుని, అరవై మూడు మందికి ఒక పక్క, ఒక్కడికి ఒక పక్క వంట మొదలుపెట్టింది. ఆ ఒక్కడి గిన్నె మూలపొయ్యి మీద పెట్టింది. పదకొండు గంటలకు అనపగింజలు ఉడికాయి. చుట్టూ చూసి, నడుముకు దోపుకున్న పొట్లం విప్పి, పిడికెడు పొడి వేసి కలిపింది. మూత పెట్టింది.

అప్పటికే సైకిళ్ళు రావడం మొదలైంది. వచ్చినవాళ్ళను చూడడానికి రంగప్ప మోస్తున్న అండా కింద పెట్టేశాడు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మనుషులు, ఒంటికి అతుక్కుపోయిన గుడ్డలు, వెనకవైపు దిండు కుట్టించుకున్న నిక్కర్లు, కొంగలు నడిచినట్టు టక్కుటక్కుమనే చెప్పులు. మండపం గుమ్మంలో నీరజ ఒక్కొక్కరి కార్డు మీద ముద్ర కొట్టి లోపలికి పంపుతోంది. ఆ ముద్ర కోసం వాళ్ళు రేషను షాపు ముందు నిలబడినట్టు బుద్ధిగా వరసలో నిలబడ్డారు.

వడ్డన మాత్రం జోరుగా సాగిపోయింది. కీటో ఆయన ఎనిమిది గుడ్లు తిని, పక్కవాడి పళ్ళెంలో సంగటి వైపు కాసేపు దీనంగా చూసి, నీరజ అటు తిరగగానే రెండు ముద్దలు పెట్టించుకున్నాడు. "ఎవురికీ చెప్పొద్దమ్మా" అన్నాడు. వీగన్ పిల్ల పేరు శ్వేత. ఆ పిల్లకు సంగటి ముద్ద చేస్తూ, "ఇందులో నెయ్యి సుక్క గూడా లేదు తల్లీ, నాది పూచీ" అంటూనే సరస్వతమ్మ అలవాటు చొప్పున నేతిగిన్నెలో చేయి ముంచింది. ముద్ద అంటుకోకుండా ఉండడానికి పాతికేళ్ళుగా ముంచుతున్న చేయి అది, ఆమెనడిగి ముంచలేదు. ఒక్క క్షణం చేతిని చూసుకుంది. ఆ ముద్ద రంగప్ప పళ్ళెంలో వేసి, చింతపండుతో చేయి తోముకుని వచ్చి, నీళ్ళ తడితో ఇంకో ముద్ద చేసి పెట్టింది. మాటంటే మాటే. పదిహేడో నంబరుకు తప్ప అందరికీ ఆమె మాట మీదే నిలబడింది.

పన్నెండు ఇరవైకి ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎండిపోయిన ఒళ్ళు, జుట్టుకు రంగు వేయడం మరిచిపోయి నెలైనట్టుంది. సైకిలు కూడా పాతదే. వడ్డించేచోట ఆగకుండా నేరుగా వంటింట్లోకి నడిచి వచ్చాడు.

"ఈడ వండేదెవురమ్మా?"

సరస్వతమ్మ కొంగు బిగించి లేచి నిలబడింది. ఈ మాటకోసమే వారం నుంచీ ఎదురుచూస్తోంది. "నేనే. సరస్వతమ్మ. పుంగనూరు కాలనీ."

"నీవేనా. నా పేరు ఆంజనేయులు, పదిహేడో నంబరు." ఆయన పొయ్యి పక్కనే నేలమీద చతికిలబడి, వీపుసంచిలోంచి ఒక స్టీలు పళ్ళెం తీశాడు. "అయితే నువ్వే పెట్టు తల్లీ. బయట వడ్డించే వాళ్ళ చేతినించి నేను తినను. వాళ్ళకేం తెలుసు, ఏ గరిటె యాడ ముంచినారో. వండినోళ్ళ చేతినించి తింటేనే నాకు ధైర్యం. అందుకే ఫారంలో గూడా రాసినా, వండేదెవురో సెప్పమని. పేరు తెలిస్తే నేరుగా వచ్చి అడుక్కోవచ్చు కదా."

ఆయన సంచిలోంచి ఇంకో చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, మూత తెరిచి, ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. అందులో ఒక మందు సీసా, ఒక సూది ఉన్నాయి.

"ఇది గూడా సూసి పెట్టుకో. నాకు ఊపిరాడకుండా పోతే మందు ఎక్కించి తొడకి పొడిసేయల్ల. ఐదు నిమిషాల్లోపల. భయపడొద్దు, గుడ్డమీద నించే పొడవచ్చు. ఎవురో ఒకరికి సెప్పి పెట్టుకోవల్ల కదా, అందుకని నీకు సెప్తాండా. మా అత్తగారు ఒకసారి, కొంచెం తింటే ఏంగాదులే అని పచ్చడిలో వేసేసింది. మూడు దినాలు మదనపల్లె ఆస్పత్రిలో ఉండా. ఆయమ్మ ఇప్పటికీ అది గ్యాసే అంటాది." పళ్ళెం ముందుకు జరిపాడు. "పెట్టమ్మా, ఆకలి దంచేస్తాండాది."

సరస్వతమ్మ చేతిలో గరిటె ఉంది. గరిటె నిండా అనపగింజల కూర ఉంది. ఎప్పుడు మూత తీసిందో, ఎప్పుడు ముంచిందో ఆమెకే తెలియదు. పళ్ళేనికీ గరిటెకూ జానెడు దూరం. ముప్పై అయిదేళ్ళుగా వంటింట్లో బతికింది. వండింది ఎవరో తెలిసి లేచిపోయినవాళ్ళను చూసింది, వండింది ఎవరో తెలియకపోతే హాయిగా తిన్నవాళ్ళను చూసింది. వండినామె చేతితో పెడితేనే తింటానని నేలమీద కూర్చున్న మనిషిని ఎన్నడూ చూడలేదు. ఆ మనిషి ఇప్పుడు కూర్చున్నాడు, ఈ కూర ముందు.

"తినొద్దప్పా" అంది.

ఆయన తలెత్తాడు.

"ఇందులో సెనక్కాయ పొడి ఉండాది. నేనే వేసినా. పొరపాటున పడలేదు, కావాలనే వేసినా." తన చేతి వంట తినవద్దని ఒక మనిషికి చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. గరిటెను గిన్నెలో వదిలేసి గోడకు ఆనుకుంది.

ఆంజనేయులు కాసేపు ఆ గిన్నె వైపే చూశాడు. తర్వాత పళ్ళెం మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. "ఎంత వేసినావు?"

"పిడికిడు."

"అయితే సూది గూడా చాలదు" అన్నాడు. నీళ్ళసీసా తీసి రెండు గుక్కలు తాగాడు.

"యాల వేసినావని అడగవా?"

"అడగల్ల. సెప్పు."

"వండేదెవురో సెప్పమని రాసినావే. ఆ మాట అడిగేవోళ్ళని నేను పందొమ్మిదేండ్లప్పటి నించీ సూస్తాండా. నువ్వు గూడా అందుకే అడిగినావనుకున్నా. సెనక్కాయ పడదనేది సాకనుకున్నా."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో ఒక రంగు పోయి ఇంకో రంగు వచ్చింది. కోపం తెచ్చుకోవాలో, సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాడు. తన ప్రాణం పోబోయినందుకు కోపం రావడం న్యాయమే. ఆమెను అలా అనుకునేటట్టు చేసినవాళ్ళలో తమ ఇళ్ళవాళ్ళూ ఉన్నారని గుర్తొచ్చి సిగ్గూ వేసింది.

"నేనడిగింది దానికి కాదమ్మా" అన్నాడు చివరికి.

"తెల్సింది. ఇప్పుడే." సరస్వతమ్మ గడియారం చూసింది. "నువ్వు ఎన్ని గంటలకి కదలల్ల?"

"ఒంటిగంటకి. లేకుంటే తర్వాత ముద్ర కొట్టే గేటు మూసేస్తారు. పర్వాలేదులే, అరటిపండ్లుంటే..."

"లేచినావంటే సూడు. ఆడే కూసో. నీ కండ్ల ముందర వండుతా."

పన్నెండు ఇరవై ఎనిమిది. మండపంలో ఉన్న ప్రతి గిన్నెకూ, ప్రతి గరిటెకూ సెనక్కాయ నూనె తగిలే ఉంటుంది. తోమిన అండాలకు తుప్పు పట్టకుండా ఆ నూనే రాసి పెట్టడం ఆమె పద్ధతి. "ఎదురుగా పాత్రల అంగడుండాది, కొత్త గిన్నె తీసుకురా, కొత్త తెడ్డు తీసుకురా, పరిగెత్తు" అని మొగుణ్ణి తరిమింది. రంగప్ప అరిగిన మోకాళ్ళతో పరిగెత్తాడు. గిన్నె దొరికింది. సంగటి గెలికే తెడ్డు దొరకలేదు. చపాతీ కర్ర పట్టుకొచ్చాడు. తిట్టడానికి టైము లేదు కాబట్టి ఆమె తిట్టలేదు.

గాజులు తీసి పక్కన పెట్టి, మోచేతుల దాకా మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. గిన్నెకున్న స్టిక్కరు గీకేసి కడిగింది. నీళ్ళు మరిగాయి, నూకలు పడ్డాయి. కట్టు విప్పని సంచిలోంచి రాగిపిండి తీయించింది. నూనె జోలికే పోకుండా నాలుగు మదనపల్లె టమాటాలు, ఆరు పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఉప్పేసి చేత్తో నలిపింది. చపాతీ కర్రతో సంగటి గెలకడం ఎంత నరకమో గెలికినవాళ్ళకే తెలుస్తుంది. చెమటతో ఆమె జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. ఆంజనేయులు గోడకు ఆనుకుని ఒక్క కదలికా వదలకుండా చూస్తున్నాడు. అంత దగ్గరగా, అంత శ్రద్ధగా ఆమె వంటను ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

పన్నెండు నలభై తొమ్మిదికి ముద్ద పళ్ళెంలో పడింది. ఆవిరి కక్కుతోంది. ఆయన వేలు పెట్టబోయి ఆగి, ఆమె మొహంలోకి చూశాడు. "లేదు కదా?"

"లేదు. నా బిడ్డ మీదాన."

ఆయన తిన్నాడు. మొదటి ముద్ద మింగాక నాలుగు క్షణాలు ఆగాడు. ఆ నాలుగు క్షణాలూ సరస్వతమ్మ డబ్బాలోని సూది వైపు చూస్తూ ఉండిపోయింది. ఏమీ కాలేదు. తర్వాత ఆయన ఇంకేమీ చూడలేదు. మనిషి నూటిరవై కిలోమీటర్లు తొక్కి వచ్చినవాడు, కాల్చిన టమాటా పచ్చడిలో సంగటి ముంచి మింగుతూ పోయాడు, కారానికి కళ్ళలో నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. పళ్ళెం తుడిచినట్టు ఖాళీ అయింది.

"ఇంకో ముద్ద పెట్టు తల్లీ."

"ఒంటిగంటకి రెండు నిమిషాలుండాది. లేసి పో అప్పా."

ఆయన పోయాడు. మూలపొయ్యి మీది అనపగింజల కూర రంగప్ప తిన్నాడు. అద్భుతంగా ఉందన్నాడు. ఆమె బయటికి వెళ్ళి మెట్లమీద కూర్చుని ఏడ్చింది.

జరిగింది తానే నీరజకు చెప్పింది. దాచుకుని ఉండొచ్చు, ఆంజనేయులు చెప్పేటట్టు లేడు. కానీ చెప్పింది. నీరజ మొహం పాలిపోయింది. "ఆయన సచ్చిపోయుంటే ఏమయ్యేదక్కా?" అంది. "ఏం జెప్తాను ఆయన పెండ్లానికి?" కాసేపటికి, "వచ్చే యేడు నిన్ను పిలవలేనక్కా" అని కూడా అంది. సరస్వతమ్మ వాదించలేదు. ఆ పిల్ల చెప్పిందే న్యాయం.

ఇంటికి వచ్చాక ఆమె ఆ కొత్త గిన్నెనూ చపాతీ కర్రనూ కడిగి, తెల్ల గుడ్డలో మూటగట్టి, అటకమీద విడిగా పెట్టింది. పెళ్ళిళ్ళ సీజనులో గిన్నెలు చాలక రంగప్ప ఒకసారి దానిమీద చేయి వేస్తే, చేతిమీద ఒకటి వేసింది. ఒక మనిషికని గిన్నె వేరుగా పెట్టడం ఆమె తన ఇంట్లో చేస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, చెప్పినవాడి పళ్ళు రాలగొట్టి ఉండేది. అటక కింద నిలబడి ఆ మాట తలుచుకుని ఒకటి రెండుసార్లు తనలో తానే నవ్వుకుంది.

మళ్ళీ నవంబరు వచ్చింది. ఒకరోజు సాయంత్రం నీరజ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఈసారి కుప్పంలో ఒక హోటలుకి చెప్పినామక్కా. అంతా ఖాయమైపోయింది" అంది. "ఇంతలో ఫారాలు వచ్చినాయి. మా సెక్రటరీ ఇది చదివి, నువ్వే పోయి ఆయమ్మతో మాట్లాడుకోపో అని నన్ను తరిమినాడు." ఫోను తీసింది. "ఆంజనేయులు. ఈ యేడు నంబరు ముప్పై రెండు. వేరుశనగ పడదు. గింజ, పొడి, నూనె ఏదీ తగలకూడదు. వేరే గిన్నె, వేరే గరిటె కావాలి. వండేది సరస్వతమ్మ అయితేనే తింటాను. ఆమె కాకపోతే ముందుగా చెప్పండి, అరటిపండ్లు తెచ్చుకుంటాను."

సరస్వతమ్మ అప్పటిదాకా చేటలో చెరుగుతున్న రాగులు అలాగే ఉన్నాయి.

"ఇంగొకసారి సదువు" అంది.

నీరజ చదివింది.

సరస్వతమ్మ లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, అటక వైపు చేయి చూపించింది.

"అరటిపండ్లు తెచ్చుకోవద్దని సెప్పు" అంది. "గిన్నె ఉండాది."